లుడ్విగ్స్‌బర్గ్‌లో తోట చూస్తే చాలా, ప్యాలెస్ లోపలికీ వెళ్ళాలా?

సెప్టెంబర్‌లో అమ్మానాన్న జర్మనీలోని స్టుట్‌గార్ట్ వస్తున్నారు, పక్కనే ఉన్న లుడ్విగ్స్‌బర్గ్‌కి ఒక్క రోజే ఉంది, అక్కడి ప్యాలెస్ వదిలేసి తోటతో సరిపెట్టుకోవచ్చా అని ఒకరు నన్ను అడిగారు. నన్నడిగితే రెండూ చూపించండి, కాకపోతే ముందు ప్యాలెస్, ఆ తర్వాతే తోట. మా అత్తయ్యని, మామయ్యని తీసుకెళ్ళిన అనుభవంతో చెబుతున్నాను. లోపల గైడ్ వెంట చాలాసేపు నిలబడాలి, మెట్లెక్కాలి. తోటంతా తిరిగి అలిసిపోయాక పెద్దవాళ్ళ వల్ల కాదు.

స్టుట్‌గార్ట్‌లో ఎస్4 గానీ ఎస్5 గానీ లోకల్ రైలు ఎక్కితే పావుగంట ప్రయాణం. స్టేషన్ నుంచి మార్కెట్ స్క్వేర్ మీదుగా నడిచి వెళ్ళండి. చుట్టూ కమానుల వరండాలు, ఎదురెదురుగా రెండు చర్చిలు, మధ్యలో ఫౌంటెన్ మీద అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన డ్యూక్ ఎబర్‌హార్డ్ లుడ్విగ్ విగ్రహం. 1704లో వేట విడిదిగా మొదలుపెట్టిన భవనాన్ని ఆయన పెంచుకుంటూ పోయాడు, అదే ఈ ప్యాలెస్. 1709లో స్థలం ఉచితం, పన్ను మాఫీ అని జనాన్ని పిలిచి పక్కనే ఊరు కట్టించాడు. 1718లో ఏకంగా రాజధానినే స్టుట్‌గార్ట్ నుంచి ఇక్కడికి మార్చాడు. వీధులన్నీ తిన్నగా, కొలిచి గీసినట్టు ఉండేది అందుకే. ఈ కథ దారిలోనే చెప్పేయండి, ప్యాలెస్ ముందు నిలబడగానే వాళ్ళకి అంతా అర్థమవుతుంది.

ప్యాలెస్‌లో గదులు 452. మీకు చూపించేది అందులో కొంతే, అది కూడా గైడెడ్ టూర్‌లోనే. ఇంగ్లీష్ టూర్ల టైమింగ్స్ ముందే చూసుకోండి. టూర్‌లో థియేటర్ ఉందో లేదో కూడా అడగండి. నా దృష్టిలో మొత్తం ప్యాలెస్‌లో చూడాల్సింది అదే. 1758 నాటి రంగస్థల యంత్రాంగం ఇప్పటికీ అక్కడ ఉంది. పక్క తెరలన్నిటినీ తాళ్ళతో స్టేజి కింద ఒకే ఇరుసుకి కట్టారు. దాన్ని తిప్పితే పాత దృశ్యం పక్కకి జరిగి, క్షణాల్లో కొత్తది వచ్చేస్తుంది. బంగారు పూత గదుల్లో ముభావంగా నడిచిన మామయ్య ఇక్కడ మాత్రం కదల్లేదు. చిన్నప్పుడు సురభి వాళ్ళ మాయాబజార్ చూసిన మనిషి కదా, తాళ్ళు ఎక్కడ, లాగేదెవరు అంటూ గైడ్‌ని వదల్లేదు. ఆయన ప్రశ్నలన్నీ నేనే ఇంగ్లీష్‌లో చెప్పాల్సి వచ్చింది, అయినా ఎంత సంతోషమేసిందో!

తర్వాత ఏదైనా తిని తోటలోకి వెళ్ళండి. ప్యాలెస్ రెండు వందల యాభయ్యేళ్ళ సందర్భంగా 1954లో తోటని మళ్ళీ తీర్చిదిద్దారు. దక్షిణం వైపు చదునుగా, పూలమళ్ళతో నడవడానికి హాయిగా ఉంటుంది. తూర్పు వైపు ఎత్తుపల్లాలు, అక్కడ నెమ్మదిగా నడిపించండి. సెప్టెంబర్ కాబట్టి గుమ్మడికాయల ప్రదర్శన ఉంటుంది. మనిషికన్నా ఎత్తు బొమ్మల్ని గుమ్మడికాయలు పేర్చే చేస్తారు. ఎన్నెన్ని రంగులు, ఎన్నెన్ని ఆకారాలు! ఇన్ని రకాలుంటాయా అని అత్తయ్య ప్రతి దాని దగ్గరా ఆగిపోయింది. పిల్లలుంటే కథల తోటలో రపుంజెల్ (జానపద కథలో పొడవాటి జడ ఉన్న అమ్మాయి) గోపురం దగ్గరికి తీసుకెళ్ళండి, కింద నుంచి పిలిస్తే పైనుంచి జడ దిగుతుంది.

ఊరి చివర ఉన్న మోన్‌రెపో సరస్సు కూడా కలిపేద్దామని కొందరు చెబుతారు. పెద్దవాళ్ళతో ఒకే రోజు వద్దు. తోటకీ, ప్యాలెస్‌కీ టిక్కెట్లు వేరు, వారాంతంలో రద్దీ ఎక్కువ, వీలుంటే మామూలు రోజు పెట్టుకోండి.