సియా మీద వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

ఆస్ట్రేలియా గాయని, పాటల రచయిత్రి సియా మీద నీ వ్యాసం అందింది. చెయ్యి బాగానే నడిచింది. కానీ రెండో పేరాలోనే "రాత్రికి రాత్రే స్టార్ అయిపోయిన సియా" అని కనబడేసరికి ఒళ్ళు మండి కాగితాలు పక్కన పడేశాను. కాఫీ తాగాకే మళ్ళీ తీశాను.

ఏ రాత్రమ్మా అది? అడిలైడ్‌లో క్రిస్ప్ అనే బ్యాండ్‌లో పాడిన పిల్ల 1997లో సొంత ఆల్బమ్ తెస్తే పట్టించుకున్న నాథుడు లేడు. లండన్ వెళ్ళి జీరో 7 అనే బృందం పాటలకు గొంతిచ్చింది. 2004 నాటి 'బ్రీద్ మీ' పాట మరుసటేడు ఒక టీవీ సీరియల్ ఆఖరి ఎపిసోడ్‌లో వచ్చాకే అమెరికా జనం చెవిన పడింది. అక్కడి ఆల్బమ్ చార్టులో మొదటి స్థానం దక్కింది 2014లో. ఇన్నేళ్ళనూ "ఎన్నో ఒడిదుడుకుల తర్వాత" అని తేల్చేసి, ముఖం దాచుకునే ఆ విగ్గుకు మాత్రం మూడు పేరాలు ఇచ్చావు!

నన్నడిగితే, రచయిత బతుకంతా తిరిగొచ్చిన రచనల్లోనే ఉంటుంది. 'టైటానియం' ఇంకెవరో పాడాల్సిన పాట. మన సినిమావాళ్ళ మాటలో ఈమె నమూనాగా ట్రాక్ పాడింది, అంతే. ఆ పాట కట్టిన ఫ్రెంచ్ డీజే డేవిడ్ గెట్టా ఆ గొంతే ఉంచేశాడు. 2016లో వచ్చిన 'దిస్ ఈజ్ యాక్టింగ్' దాదాపు మొత్తం ఇతరుల కోసం రాసి మిగిలిపోయిన పాటలే. 'అలైవ్' ఇంగ్లండ్ గాయని అడెల్‌తో కలిసి అడెల్ కోసమే రాసింది, ఆమె ఆల్బమ్‌కి ఎక్కలేదు. 'చీప్ థ్రిల్స్' ఇంకో గాయని రిహానాకి అనుకున్నది. అదీ కుదరక తనే పాడుకుంటే, జమైకా గాయకుడు షాన్ పాల్ గొంతు కలిసిన వెర్షన్ ఆ ఏడే అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో ఒకటో నంబరుకెళ్ళింది. గాయనిగా ఆమెకు అదే మొదటిసారి. నీ వ్యాసంలో ఆ ఆల్బమ్‌కి పేరు తప్ప ఇంకేం లేదు.

మా రోజుల్లో కథతోపాటు, నచ్చకపోతే తిప్పి పంపడానికి స్టాంపులంటించిన కవరు కూడా పెట్టేవాళ్ళం. ఒక వారపత్రిక ఎడిటరు నా కథ మార్జిన్‌లో ఎర్ర సిరాతో "హీరోయిన్ ఏడుపు చాలలేదు" అని రాసి తిప్పి పంపాడు. అక్షరం మార్చకుండా ఇంకో పత్రికకు పంపితే దీపావళి సంచికలో వేశారు. అది చదివి ఆ ఎడిటరే కార్డు రాశాడు, ఇంత మంచి కథ మాకెందుకు పంపలేదని! ఇప్పటివాళ్ళు ఆ ఎర్ర సిరా కూడా ఖర్చుపెట్టరు. వ్యూస్ ఎన్నొస్తాయని అడుగుతారు. నీ విగ్గు పేరాలు వాళ్ళకోసమే రాశావని నా అనుమానం.

నువ్వడిగిన కలం పేరు, పారితోషికం సంగతులు తర్వాత చూద్దాం.

సియా పాట 'షాండెలియర్' వీడియోలో పదకొండేళ్ళ డాన్సర్ మ్యాడీ జీగ్లర్ ఆ ఖాళీ ఇంట్లో ఆడిన చోటు బాగా పట్టావు, దాన్ని కదపకు. విగ్గు ఒక్క వాక్యంలో సర్దెయ్. 'దిస్ ఈజ్ యాక్టింగ్' దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్ళు. రాసింది నాకే పంపు, పత్రికలకు ఇప్పుడే వద్దు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, చదవలేక చచ్చాను.