వాచ్‌లో ఆక్సిజన్ 97.. ఆయాసం మాత్రం తగ్గట్లేదు!

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పని చేస్తాను. మూడు నెలలుగా దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకుంటే తగ్గి, మళ్లీ వస్తోంది. రెండు వేలు పెట్టి కొన్న వాచ్‌లో ఆక్సిజన్ 97 చూపిస్తోంది. నల్లగా ఉన్నవాళ్లకు ఇవి తప్పు చూపిస్తాయట కదా? ఖరీదైనది కొనమంటారా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: వాచ్ సంగతి తర్వాత. నాకు కంగారు పుట్టించింది మీ మూడు నెలల దగ్గు, మీరు చేసే పని. రాతి దుమ్ములోని సిలికా ఏళ్ల తరబడి లోపలికి పోతే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. అదే సిలికోసిస్. ఇలాంటివాళ్లకు టీబీ ముప్పు కూడా ఎక్కువ. మీకు అదే ఉందని చూడకుండా చెప్పలేను. కానీ దగ్గు రెండు వారాలు దాటగానే కళ్లె పరీక్ష చేయించాలి, మీరు మూడు నెలలు ఆగారు! ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం. ఒంగోలు రిమ్స్‌కు వెళ్లి ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించుకోండి. 97 నిజమే అయినా నిశ్చింతగా ఉండటానికి లేదు. ఈ జబ్బుల్లో మొదట్లో కూర్చున్నప్పుడు ఆక్సిజన్ మామూలుగానే ఉండొచ్చు.

మాత్రల పేరు రాయలేదు. వేసుకోగానే హాయిగా ఉండి, ఆపగానే తిరగబెడుతోందంటే స్టెరాయిడ్ ఏమోనని నా అనుమానం. లోపల టీబీ ఉంటే స్టెరాయిడ్ దాన్ని ముదరబెడుతుంది, షుగర్ పెంచుతుంది. కొన్ని యాంటీబయాటిక్స్ అయితే టీబీని కొన్నాళ్లు బయటపడనివ్వవు. షాపువాళ్లు మీ ఛాతీ పరీక్షించి ఇచ్చారా? అలాగని వారాలుగా వాడుతున్నవి ఒక్కసారిగా ఆపేయొద్దు. ఖాళీ స్ట్రిప్పులతో సహా రేపే డాక్టర్‌ను కలవండి.

ఇక వాచ్. మీరు విన్నదాంట్లో నిజముంది. ఇవి చర్మంలోకి వెలుతురు పంపి లెక్కగడతాయి, రంగునిచ్చే మెలనిన్ అందులో కొంత మింగేస్తుంది. 2020లో మిషిగన్ వైద్యులు ఆసుపత్రుల్లో వేలికి పెట్టే ఆక్సీమీటర్లనే పరిశీలించారు. పడిపోయిన ఆక్సిజన్‌ను అవి గుర్తించలేకపోవడం తెల్లవారిలో కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. ఆ లెక్క మనకు అచ్చంగా వర్తిస్తుందనను. కానీ ఖరీదు పెరిగితే ఈ లోపం పోతుందన్న భరోసా లేదు. అన్ని రంగుల చేతుల మీదా సరిచూసి అమ్మాల్సింది కంపెనీలు. మీరు ఇంకో ఇరవై వేలు పోసి తీర్చే లోటు కాదిది.

కళ్లెలో రక్తం పడినా, పెదాలు నీలంగా మారినా, ఆయాసంతో మాట పూర్తి కాకపోయినా అంకెలు చూస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. ఎక్స్‌రే సంగతి తేలేదాకా దుమ్ములేని పనికి మార్చమని యజమానిని అడగండి. మూతికి చుట్టుకున్న తువ్వాలు ఆ సన్న దుమ్మును ఆపదు. మీతోపాటు పనిచేసేవాళ్లలో ఎవరికైనా దగ్గుంటే వాళ్లనూ వెంటబెట్టుకుని వెళ్లండి.