గోడ కన్నంలో ఉన్నవి చీమలా, తేనెటీగలా?

విశాఖ సీతమ్మధారలో మీ ఇంటి గోడకున్న పాత కేబుల్ కన్నంలోంచి చీమంత నల్ల పురుగులు వస్తున్నాయని, కొన్ని ఎగురుతున్నాయని, పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవాలా అని అడిగారు. దయచేసి పిలవకండి. ముందు ఓ పొద్దున్న ఆ కన్నం దగ్గర కాసేపు నిలబడి చూడండి.

కన్నం అంచున గోధుమరంగు మెత్తటి గొట్టం పొడుచుకొచ్చి ఉంటే అవి కుట్టని తేనెటీగలే. మా మీటరు బోర్డు పక్కన ఏళ్లుగా ఉంటున్నాయి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మైనంలో చెట్ల బంక కలిపి కట్టిన గొట్టం అది. మూతిలో కాపలా ఈగల తలలు కనిపిస్తాయి. మూతి చుట్టూ తాజా బంక పూసి ఉంచుతాయి, వేలు పెడితే అంటుకుంటుంది. తేనె వాసనకి వచ్చిన చీమలు ఆ జిగురులో కాళ్లు ఇరుక్కుని ఆగిపోవడం చాలాసార్లు చూశాను.

సైజులో పెద్ద తేడా లేదు. ఈగ 3 నుంచి 4 మిల్లీమీటర్లు, వంటింటి చిన్న చీమ అంతకంటే కాస్త తక్కువ. తిరిగొచ్చే ఈగల వెనక కాళ్లకు పుప్పొడి ముద్దలుంటాయి. చీమ కాళ్లకు అలా ఏమీ ఉండవు, గట్టి తిండి నోట కరుచుకుని, పాకం లాంటివి పొట్టలో దాచుకుని తెస్తుంది. పనిచేసే చీమలకు రెక్కలుండవు, జతకట్టే మగవాటికి, కొత్త రాణులకే వస్తాయి.

అసలు తేడా గూడు చెదిరినప్పుడు తెలుస్తుంది. ఇళ్లలో తిరిగే కొన్ని చిన్న చీమల గూట్లో రాణులు చాలా ఉంటాయి. స్ప్రే కొడితే ఓ రాణి కొన్ని చీమలను వెంటేసుకుని నడుచుకుంటూ పక్క గోడలోకి పోతుంది, ఒక గూడు రెండవుతుంది. ఈ ఈగలకు రాణి ఒక్కటే. గుడ్లు పెట్టడం మొదలయ్యాక పొట్ట బరువుకి ఇక ఎగరలేదు. కొత్త కాపురానికి వెళ్లేది కూతురే, అదీ పనిఈగలు పాత గూటి నుంచి మైనం, బంక, తిండి మోసి అక్కడ అన్నీ సిద్ధం చేశాకే. మందు కొడితే తల్లికి పారిపోయే దారి లేదు, ఆ కుటుంబం అక్కడితో సరి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి మన ఊళ్లో తొర్రలున్న పెద్ద చెట్లు ఎన్నో పోయాయి. గోడ కన్నాలు కూడా లేకపోతే ఇవెక్కడుంటాయండీ?

వీటికి కుట్టే ముల్లు లేదు. గూడు కదిలిస్తే జుట్టులో దూరి కొరుకుతాయి, అంతే. రంగులు వేయించేటప్పుడు ఆ కన్నం పూడ్చొద్దని పెయింటర్‌కి ముందే చెప్పండి. వంటింట్లో నిజంగా చీమలే ఉంటే పంచదార పాకంలో కొంచెం బోరిక్ పౌడర్ కలిపి, పిల్లలకు అందకుండా, ఈ తేనెటీగలు రాని లోపలి మూలన పెట్టండి. చీమలే దాన్ని రాణుల దాకా మోసుకెళ్తాయి.