పొద్దున రిపోర్టులో గట్టి నేల, సాయంత్రానికి మెత్తన

బ్రిటన్ గుర్రప్పందేలకి పొద్దున నేల రిపోర్టులో ‘గుడ్ టు ఫర్మ్’ (కాస్త గట్టి నేల) అని ఇచ్చారు, తీరా రేసయ్యాక జాకీలు నేల మెత్తగా ఉందన్నారు, రిపోర్టే తప్పా అని అడిగారు కదండీ. తప్పు అనడం కంటే పాతబడింది అనొచ్చు. క్లర్క్ ఆఫ్ ది కోర్స్, అంటే రేస్‌కోర్సు ట్రాక్ చూసుకునే అధికారి, ట్రాకంతా తిరిగి ఇచ్చే ఆ మాట మొత్తం మీద సగటు. నీడ పడే మలుపు, ముందురోజు నీళ్లు ఎక్కువ తాగిన చోటు అందులో కనపడవు. ఆపైన ఒక జల్లు పడిందంటే ఇక చెప్పేదేముంది!

గోయింగ్‌స్టిక్ అని నేల గట్టితనం కొలిచే కడ్డీ ఉంటుంది, దాని అంకె కూడా చూడండి. ఆ కడ్డీని నేలలోకి దించడానికి ఎంత బలం పట్టింది, దించాక 45 డిగ్రీలు వెనక్కి వంచడానికి ఎంత పట్టింది, రెండూ కలిపి అంకె ఇస్తుంది. అంకె పెరిగేకొద్దీ నేల గట్టి. కానీ ఒక కోర్సులో 8, ఇంకో కోర్సులో 8 ఒకటే అనుకోవద్దు. అదే కోర్సు పాత అంకెలతోనే పోల్చాలి.

నేనైతే మొదటి రెండు రేసుల టైమ్ చూసేదాకా ఏమీ తేల్చను. ఆ దూరానికి ఉన్న స్టాండర్డ్ టైమ్ కంటే రెండూ బాగా వెనకబడి, డెక్కల వెనక మట్టి పెళ్లలు లేస్తుంటే నేల మెత్తబడినట్టే. ఒక్క రేసు చాలదు. మొదట్లో అందరూ నెమ్మదిగా పోయినా, ఎదురుగాలి కొట్టినా టైమ్ పెరుగుతుంది. ట్రాక్ అంచున ఉండే కంచె, అదే రెయిల్, జరిపితే పరిగెత్తే దూరమే మారుతుంది. ఆ వివరం రిపోర్టుతోపాటే ఇస్తారు, మనవాళ్లే చదవరు.