అమ్ములుకి పాము కొనేముందు ప్రకటన చదవడం ఎలా

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. మన పన్నెండేళ్ళ అమ్ములుకి పాము కొందామని నిన్న రాత్రి నువ్వు పంపిన ప్రకటన స్క్రీన్‌షాట్ చూశాను. "చెకర్డ్ 1.2, సీబీబీ '24, అల్బినో మగ, 66% పాస్ హెట్ ఆడవి, ఎఫ్‌టీ పింకీలు తింటున్నాయి, ఎల్ఏజీ." దాని కింద "ఇది పామా, పాస్‌వర్డా పెదనాన్నా?" అని నువ్వు రాసింది చూసి మీ పెద్దమ్మ కూడా నవ్వింది. పాముల మాటెత్తితే ఆవిడ నవ్వడం అరుదు.

గార్టర్ పాముల్ని, అంటే ఉత్తర అమెరికాలో ఉండే చారల పాముల్ని, పెంచేవాళ్ళ భాష అంతే. చెకర్డ్ అన్నది వాటిలో ఒక జాతి. ముందు ఆ 1.2 సంగతి చూద్దాం. చుక్కకి ముందున్నది మగవాటి లెక్క, తర్వాతది ఆడవాటి లెక్క. 1.2 అంటే ఒక మగ, రెండు ఆడ. ఇంకో చుక్క పెట్టి మూడో అంకె వేస్తే, అవి ఆడో మగో చూడనివి. 0.0.5 అని కనిపిస్తే ఐదు పిల్లలున్నాయి, ఏది ఏమిటో అమ్మేవాడికీ తెలియదని అర్థం.

ఈ లెక్క నాకు బాగా గుర్తుండడానికి కారణం ఉంది. మావాడు చిన్నప్పుడు పట్టుబడితే ఓ ఏప్రిల్‌లో 1.0 అని రాసున్న పెద్ద పామునొకదాన్ని కొన్నాను. పక్కన డబ్ల్యూసీ అని కూడా ఉంది. అదేమిటో నేను అడగలేదు. ఆగస్టులో ఓ పొద్దున నీళ్ళ గిన్నె మారుద్దామని మూత తీస్తే, గిన్నె వెనక తడితడిగా, షూ లేసులంత సన్నగా ఏవో కదులుతున్నాయి. ఒకటి ఇంకా పల్చటి పొరలోనే ఉంది, ముక్కుతో పొడుచుకుని బయటికొస్తోంది. లెక్కపెడితే 17. మన 'మగ' పాము పక్కనే చుట్ట చుట్టుకుని, ఏమీ ఎరగనట్టు పడుకుంది. మన ఊళ్ళో చెరువుగట్టున చూసే నీరుకట్టె గుడ్లు పెడుతుంది కానీ, దానికి దూరపు చుట్టమైన ఈ గార్టర్ పిల్లల్నే కంటుంది. "బారసాల ఎప్పుడండీ?" అంది మీ పెద్దమ్మ.

డబ్ల్యూసీ అంటే వైల్డ్ కాట్, అడవిలో పట్టింది. అది మా ఇంటికొచ్చేసరికే కడుపుతో ఉంది. దానికితోడు ఈ ఆడపాములు మగపాము వీర్యాన్ని ఒంట్లో నెలల తరబడి దాచుకోగలవు. ఒంటరిగా ఉంచాం కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. ఆడా మగా తేల్చడానికి ప్రోబింగ్, పాపింగ్ అనే పద్ధతులున్నాయి. తోక మొదట్లో సన్నని కడ్డీ పెట్టి చూడడం మొదటిది, బొటనవేలితో మెల్లగా నొక్కి చూడడం రెండోది. రెండూ చేయి తిరిగినవాళ్ళ పని. యూట్యూబ్ చూసి మీరు చేయకండి. "పాప్ చేసి చూశారా, ఊరికే అంచనాగా చెప్తున్నారా?" అని అమ్మేవాణ్ణి అడగండి చాలు.

అడవిలో పట్టినవాటికి పేగుల్లో పురుగులుండడం మామూలే. అందుకే అమ్ములుకి మాత్రం సీబీబీ కావాలి. ఆ మూడక్షరాలు క్యాప్టివ్ బ్రెడ్ అండ్ బార్న్, అంటే తల్లీతండ్రీ మనుషుల దగ్గరే జతకట్టాయి, పిల్లలూ అక్కడే పుట్టాయి అని. ఉట్టి సీబీ అని ఉంటే అనుమానించు. కొందరు దాన్ని క్యాప్టివ్ బ్రెడ్ అనీ, కొందరు క్యాప్టివ్ బార్న్ అనీ వాడతారు. కడుపుతో ఉన్న అడవి పాముని తెచ్చి, అది గూట్లో ఈనితే ఆ పిల్లలు క్యాప్టివ్ బార్న్. మాట అబద్ధం కాదు, కానీ తండ్రెవరో ఎవరికీ తెలియదు. '24 అన్నది పుట్టిన సంవత్సరం.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆ ప్రకటనలో ధర పెంచిన మాట హెట్. అది అర్థం కావాలంటే ముందు మార్ఫ్ తెలియాలి. మార్ఫ్ అంటే మామూలు రంగుకి భిన్నమైన రంగో చారలో, తరతరాలుగా వచ్చేది. అల్బినో అంటే నలుపు లేనిది. ఎరుపు లేనిదాన్ని అనెరీ అంటారు, ఎరుపు ఎక్కువైతే ఎరిత్రిస్టిక్, ఒళ్ళంతా నలుపైతే మెలనిస్టిక్. అల్బినో, అనెరీ రెండూ ఒక్కదాంట్లో కలిస్తే స్నో. మా క్లీవ్‌లాండ్ పక్కనే ఉన్న ఈరీ సరస్సు ఒడ్డున నల్లటి ఈస్టర్న్ గార్టర్లు వాటంతటవే కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను తెగిపడిన సైకిల్ ట్యూబనుకున్నాను.

ఈ రంగుల్లో చాలావరకు రెసెసివ్. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జీన్లూ వస్తేనే పైకి కనిపిస్తుంది. ఒక్కటే వస్తే పాము మామూలుగానే ఉంటుంది, లోపల మోస్తుంది. ఆ మోసేదే హెట్. అల్బినోని మామూలుదానితో జతకడితే పిల్లలన్నీ పక్కా హెట్, దాన్నే 100% హెట్ అంటారు. రెండు హెట్లని జతకడితే సగటున నాలుగింట్లో ఒకటి అల్బినో, రెండు హెట్లు, ఒకటి ఏమీ లేనిది. మామూలుగా కనిపించే ఆ మూడింట్లో హెట్ ఏదో కంటితో చెప్పలేం. మూడింట్లో రెండు కాబట్టి ఒక్కోదానికీ 66% పాసిబుల్ హెట్ అని రాస్తారు. పాములో మూడింట రెండొంతులు అల్బినో ఉందని కాదు. ఒక హెట్‌కీ ఒక మామూలుదానికీ పుడితే 50%.

ఇది తెలిశాక నీ ప్రకటన మళ్ళీ చదువు. ఆడవి 66% అంటే వాటి అమ్మా నాన్నా ఇద్దరూ హెట్లే. అలాంటి కాన్పులోనే అల్బినో కూడా పుడుతుంది. మూడూ '24వే. అంటే ఆ మగది ఈ రెండింటికీ తోబుట్టువు కావచ్చు. 'బ్రీడింగ్ ట్రయో', అంటే పిల్లల కోసం జతకట్టించే మూడు పాములు, అని చెప్పి అన్నా చెల్లెళ్ళని కలిపి అమ్ముతున్నాడేమో! తప్పకుండా అలాగే అని నేననను. "అన్‌రిలేటెడా?" అని ఒక్క మాట అడుగు, జవాబు నానిస్తే అర్థం చేసుకో. అయినా పన్నెండేళ్ళ పిల్లకి ట్రయో ఎందుకురా? ఆ మూడూ పెద్దయితే రెండు తల్లులు కలిసి ఎన్ని పిల్లల్ని కంటాయో నా 17 చూసి లెక్కేసుకో. ఒక్క మగది చాలు. ఆడవాటికన్నా ఒళ్ళు కూడా చిన్నది.

హెట్ అని నమ్మి నేనూ మోసపోయానులే, ఆ కథ ఫోన్లో చెప్తాను. ఇకపోతే ప్రూవెన్ అంటే ఇదివరకే పిల్లల్ని ఇచ్చిందని, హోల్డ్‌బ్యాక్ అంటే అమ్మేవాడు తనకోసం అట్టేపెట్టుకున్న మంచి పిల్ల అని. ఎల్ఏజీ అంటే పాము ప్రాణంతో చేరుతుందన్న హామీ. మొదటిసారే డెలివరీ తీసుకుంటేనే అది చెల్లుతుంది, ఇంట్లో ఎవరైనా ఉండండి. అమెరికా పోస్టాఫీసు పాముల్ని తీసుకోదు, ఓవర్‌నైట్ కొరియర్ ఖర్చు మన నెత్తినే.

తిండి మాట మాత్రం ధర కన్నా ముఖ్యం. ఎఫ్‌టీ అంటే ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత కరిగించింది. పింకీ అంటే ఇంకా వెంట్రుకలు రాని ఎలుక పిల్ల. ఎఫ్‌టీ పింకీలు తింటున్నాయంటే నీ నెత్తిన పాలు పోసినట్టే. 'సెంటెడ్' అని ఉంటే మాత్రం, వానపామో చేపో రుద్ది ఆ వాసన పట్టిస్తేనే తింటుందని. అదేం పెద్ద తప్పు కాదు, తెలిసి కొనుక్కో. వానపాములు పెడితే నైట్‌క్రాలర్లనే లావుపాటివి పెట్టు. ఎరువు డబ్బాల్లో పెంచే రెడ్ విగ్లర్లు వీటికి పడవు. గోల్డ్‌ఫిష్, రోజీ రెడ్ చేపలు చౌక కదా అని తెచ్చేవు, వాటిలో థయామినేజ్ ఉంటుంది, ఒంట్లోని బీ1 విటమిన్‌ని తినేస్తుంది, అలవాటుగా పెడితే పాముకి ఫిట్స్ వస్తాయి. గప్పీలు, ట్రౌట్ ముక్కలు మంచివి.

అమ్ములు 'బ్లూ' పాము కావాలంటోందన్నావు. నీలి చారలవి ఫ్లోరిడాలోనూ ఉన్నాయి, సియాటిల్ వైపు ప్యూజెట్ సౌండ్‌లోనూ ఉన్నాయి, రెండూ వేరు. అందుకే లోకాలిటీ అడగాలి, అంటే ఆ వంశం ఏ ప్రాంతానిదని. పెంచేవాళ్ళు శాస్త్రీయ నామంలో సగమే పలుకుతారు. రాడిక్స్ అంటే ప్లెయిన్స్ గార్టర్, మార్సియానస్ అంటే నీ చెకర్డ్. 'ఇన్ బ్లూ' అంటే మాత్రం రంగు కాదు. కుబుసం విడిచేముందు కళ్ళ మీద నీలంగా పొర కమ్ముతుంది. అప్పుడు దానికి కళ్ళు సరిగ్గా కనబడవు, తినదు, చిరాగ్గా ఉంటుంది. నాలుగు రోజులు దాని జోలికెళ్ళకండి.

మీరు ఉండేది జార్జియాలో, అది మర్చిపోకు. అక్కడ రాష్ట్రానికి చెందిన విషంలేని పాముల్ని పర్మిట్ లేకుండా ఇంట్లో ఉంచుకోకూడదు. ఈస్టర్న్ గార్టర్ అక్కడిదే. మీ పెరట్లో కనిపించిందని అమ్ములు డబ్బాలో వేసుకుంటే చట్టం ఒప్పుకోదు. చెకర్డ్ అక్కడిది కాదు, అయినా కొనేముందు డీఎన్ఆర్‌కి, అంటే రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖకి, ఫోన్ చేసి కనుక్కో. శాన్ ఫ్రాన్సిస్కో గార్టర్ అని ఎవరైనా చూపిస్తే మాత్రం దణ్ణం పెట్టి వచ్చెయ్. అందం చెప్పలేం కానీ, 1967 నుంచి అది అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉంది.

బ్రూమేషన్ అని కూడా వింటావు, చలికాలపు నిద్ర. పాములచేత పిల్లల్ని పెట్టించాలనుకునేవాళ్ళకే దానితో అవసరం. నీకు అక్కర్లేదు.

అమ్మేవాడి జవాబులు రాగానే నాకు పంపు. పాము తింటున్న వీడియో కూడా అడుగు, తేదీ కనిపించేలా. మీ పెద్దమ్మ అమ్ములుకి చెప్పమన్న మాట ఒకటుంది: నాగుల చవితికి దానికి పాలు పోయొద్దట, నీళ్ళ గిన్నె మారిస్తే చాలట.

మీ పెదనాన్న