పేషెంట్లకి పోశ్చర్ నేర్పేది నేనే, నాకే నడుము నొప్పి ఎందుకు డాక్టర్?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. నాలుగేళ్లుగా ఫిజియోథెరపిస్టుగా చేస్తున్నాను. పొద్దున ఓపీలో మెడ, నడుము, మోకాళ్ల నొప్పుల పేషెంట్లు, మధ్యాహ్నం నుంచి వార్డులో పక్షవాతం వచ్చినవాళ్లని లేపి కూర్చోబెట్టడం, నడిపించడం. ఏడాదిగా నడుము నొప్పి. ఆరు నెలలుగా కుడి బొటనవేలు మొదట్లో కూడా నొప్పి, సీసా మూత తిప్పినా తాళం తిప్పినా పొడిచినట్టు ఉంటుంది. ఎలా వంగాలో, ఎలా లేవాలో రోజూ అందరికీ చెప్పేదాన్ని, నాకే నొప్పి అంటే చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. తోటి ఫిజియోతో టేపింగ్ (నొప్పి ఉన్నచోట పట్టీ అంటించడం) వేయించుకుని, పెయిన్ కిల్లర్ వేసుకుని నెట్టుకొస్తున్నా. ఈ ఫీల్డ్ వదిలేయాలా?

జవాబు: ముందు ఆ సిగ్గు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ నొప్పి ఇంత కాలం లాగడానికి అది కూడా ఒక కారణమే అనిపిస్తోంది. ఫిజియోథెరపిస్టులకి వచ్చే ఒళ్లు నొప్పుల మీద చాలా దేశాల్లో సర్వేలు చేశారు. అందులో బాగా పేరున్నది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో చేసింది, 2000లో వచ్చింది. పని వల్ల ఎప్పుడో ఒకప్పుడు నొప్పి గానీ ఇబ్బంది గానీ వచ్చిందా అని అడిగితే 91 శాతం మంది అవునన్నారు! ఆరుగురిలో ఒకరు ఆ నొప్పి వల్లే పని చేసే విభాగం మార్చుకున్నారు లేదా వృత్తే మానేశారు. ఎక్కువగా నొప్పి వచ్చేది నడుముకి, ఆ తర్వాత మెడ, వీపు పైభాగం, బొటనవేలు. ఇలాంటి సర్వేల్లో మళ్లీ మళ్లీ కనిపించే ఇంకో విషయం, ఇది ముసలితనంలో వచ్చే బాధ కాదు, చాలామందికి ఉద్యోగంలో చేరిన మొదటి అయిదేళ్లలోనే మొదలవుతుంది. అంటే సరిగ్గా మీ వయసులో, మీ సర్వీసులో ఉన్నవాళ్లకే.

మరి అన్నీ తెలిసినవాళ్లకి ఎందుకు వస్తుంది అంటారా, తెలియడం ఒకటి, రోజు మొత్తంలో ఒంటి మీద పడే బరువు ఇంకొకటి. సరిగ్గా వంగడం, సరిగ్గా ఎత్తడం నేర్పితే నడుము నొప్పులు తగ్గుతాయా అని కాక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనల్ని సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) ఉన్న పరిశోధనలన్నీ కలిపి చూశారు, 2011లో వచ్చిన ఆ రివ్యూలో ట్రైనింగ్ ఇచ్చినంత మాత్రాన నడుము నొప్పి రాకుండా ఆగుతుందనడానికి ఆధారం దొరకలేదనే తేలింది. ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపించే విషయం, ఎందుకంటే సిబ్బందిలో ఎవరికైనా నొప్పి అనగానే ఇంకో అవగాహన క్లాసు పెట్టేసి చేతులు దులుపుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. పేషెంట్ల సంఖ్య అంతే, ఎత్తు మారని ఆ బెడ్డు అదే, సాయానికి మనిషి ఉండరు, ఇక క్లాసు విని ఏం లాభం. కాబట్టి మీ టెక్నిక్‌లో లోపం వెతుక్కోవడం ఆపి మీ రోజు ఎలా గడుస్తోందో చూడండి.

ఇప్పుడు బొటనవేలు. మీరు వెన్నుపూసల మీద మోబిలైజేషన్, అంటే బిగుసుకున్న కీళ్లని చేత్తో నొక్కి కదిలించడం, చేసేటప్పుడు బొటనవేలి కొసతో నొక్కుతారు కదా, కొస దగ్గర ఒక కిలో బరువుతో నొక్కితే మణికట్టు పక్కన బొటనవేలు మొదలయ్యే కీలులో దాదాపు 12 కిలోల ఒత్తిడి పడుతుందని 1977లోనే లెక్కకట్టారు. మీరు నొక్కేది ఒక కిలోనా? అందులోనూ కీలు వదులుగా ఉండి నొక్కినప్పుడు వేలు వెనక్కి విల్లులా వంగిపోయేవాళ్లకి ఇంకా ఎక్కువ ఇబ్బంది. రేపు పని చేసేటప్పుడు ఒకసారి మీ వేలు గమనించండి, గోరు దగ్గరి కణుపు తెల్లబడి వెనక్కి వంగుతోందేమో.

దూరం నుంచి ఖాయంగా చెప్పలేను గానీ మీరు చెప్పినదాన్ని బట్టి రెండు అనుమానాలు. ఒకటి ఆ మొదటి కీలు వాచి ఉండడం, రెండోది డీ క్వెర్వేన్, అంటే బొటనవేలిని పైకి లాగే రెండు స్నాయువులు మణికట్టు పక్కన వాటి తొడుగులో రాసుకుపోవడం. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించి చిటికెన వేలు వైపు వంచే టెస్ట్ మీకు తెలిసిందే, మెల్లగా చేయండి, గట్టిగా వంచితే ఏమీ లేనివాళ్లకీ నొప్పి పుడుతుంది, ఎడమ చేతితో పోల్చి చూడండి. మణికట్టు పక్కన చురుక్కుమంటే డీ క్వెర్వేన్ వైపు మొగ్గు, అలా కాకుండా వేలు మొదట్లో లోతుగా, నొక్కి తిప్పితే నొప్పి అయితే కీలు వైపు. మూత తిప్పితే వచ్చే నొప్పి రెండింట్లోనూ ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి తేల్చలేం. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కుతుంటే అది కార్పల్ టన్నెల్ (మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం) కావచ్చు, దాని దారి వేరు.

రెండింట్లో ఏదైనా మొదట చేయాల్సింది ఒకటే, ఆ వేలికి పని తగ్గించడం. మూడు నాలుగు వారాలు బొటనవేలు కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ వేసుకోండి, ఆ కొన్ని వారాలు బొటనవేలితో నొక్కే టెక్నిక్స్ పూర్తిగా పక్కన పెట్టండి. అరచేతి మడమ, మోచెయ్యి, వెడ్జ్ లాంటి పరికరం, ఏది కుదిరితే అది, లేకపోతే ఆ పేషెంటుకి ఎక్సర్‌సైజ్‌తోనే చేయొచ్చేమో చూడండి, చాలాసార్లు చేయొచ్చు. పెయిన్ కిల్లర్ మాత్రలు రోజూ మింగొద్దు, కడుపు, కిడ్నీలు దెబ్బతినే, బీపీ పెరిగే ప్రమాదం ఉంది, చేతికైతే పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ సరిపోవచ్చు. టేపింగ్ చేసిన రోజు నొప్పి తెలియదు కాబట్టి అదే వేలితో ఇంకా ఎక్కువ నొక్కేస్తారు, దాన్ని మాత్రం నమ్ముకుని ఉండకండి. ఆరు నెలల నొప్పి కదా, ఈ నెలలోనే ఆర్థో డాక్టర్‌కి గానీ హ్యాండ్ సర్జన్‌కి గానీ చూపించుకోండి, డీ క్వెర్వేన్ అయితే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి తగ్గుతుంది.

నడుము విషయానికి వస్తే, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే భాగంలో స్పర్శ తగ్గడం, పాదం పైకి లేవకపోవడం, ఇవి కనిపిస్తే అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించాలి. ఇవేవీ లేకపోతే ఎంఆర్ఐ కోసం పరిగెత్తొద్దు. ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వాళ్లకి తీసినా దాదాపు 30 శాతం మందిలో డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త కాస్త ఉబ్బడం) కనిపిస్తుంది, రిపోర్టులో ఆ మాట చూసి భయపడిన పేషెంట్లకి ధైర్యం చెప్పేది మీరే, అదే మాట మీకూ వర్తిస్తుంది. దీర్ఘకాలిక నడుము నొప్పి మీద డబ్ల్యూహెచ్ఓ 2023 డిసెంబర్‌లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఎక్సర్‌సైజ్‌కి, నొప్పి గురించి సరిగ్గా వివరించి చెప్పడానికి ఓటు వేసింది, ట్రాక్షన్ (నడుముని లాగి పట్టడం), అల్ట్రాసౌండ్ చికిత్స, టెన్స్ (సన్నగా కరెంటు ఇచ్చే మెషీన్), నడుము బెల్టు మామూలుగా వద్దంది. ఖాళీ దొరికినప్పుడల్లా డిపార్ట్‌మెంట్‌లో మెషీన్ పెట్టుకుని పడుకుంటున్నారేమో, ఆ టైమ్‌ని వారానికి కనీసం రెండు రోజులు బరువులతో కాళ్లు, పిరుదులు, వీపు కండరాలు బలపడే వ్యాయామానికి ఇవ్వండి. వార్డులో తిరిగాం కదా వ్యాయామం అయిపోయింది అనుకునేవాళ్లు మన వృత్తుల్లో చాలామంది. అది అలసట మాత్రమే, దాంతో బలం రాదు.

వార్డు పని గురించి ఒక లెక్క చెప్తాను. పనిచేసే చోట ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్‌లో వేసిన లెక్క ప్రకారం పేషెంటుని చేతులతో ఎత్తేటప్పుడు 35 పౌండ్లు, అంటే దాదాపు 16 కిలోలు, అంతకు మించొద్దు. అది కూడా పేషెంటు సహకరిస్తూ, ఒంటికి దగ్గరగా ఉంటేనే. 70 కిలోల మనిషి ఒక్క కాలి బరువే సుమారు 11 కిలోలు ఉంటుంది, ఇక పక్షవాతం వచ్చి ఒక పక్క పూర్తిగా వదిలేసిన మనిషిని ఒక్కరే మంచం మీంచి కుర్చీలోకి మార్చడం ఎంత బరువో ఆలోచించండి. ఇక్కడ ఏ టెక్నిక్కూ కాపాడదు. ఇద్దరు కావాలి, లేదా స్లైడ్ షీట్ (పేషెంటుని జరపడానికి కింద వేసే జారే గుడ్డ), పట్టుకోడానికి పేషెంటు నడుముకి కట్టే ట్రాన్స్‌ఫర్ బెల్ట్, మనిషిని ఎత్తే మెషీన్ హాయిస్ట్ కావాలి. మెషీన్‌తో లేపితే పేషెంటు సొంతంగా ప్రయత్నించడం మానేస్తాడని కొందరు ఫిజియోలు ఒప్పుకోరు, నిలబెట్టే పరికరంతో అయితే మీరు అలిసిపోకుండా అతన్ని ఇంకా ఎక్కువసార్లు నిలబెట్టి ప్రాక్టీస్ చేయించొచ్చు కదా.

ఫీల్డ్ వదలాల్సిన అవసరం నాకైతే ఇప్పుడు కనిపించడం లేదు. కానీ దాచడం ఆపేయండమ్మా. తోటి ఫిజియోతో కారిడార్‌లో చూపించుకుని సరిపెట్టుకోవడం మీ వృత్తిలో మామూలే, దానివల్ల రికార్డులో ఎక్కడా నమోదు కాదు, నమోదు కానిదానికి ఎవరూ బెడ్ మార్చరు, మనిషిని ఇవ్వరు. ఒక వారం పాటు ఏ పేషెంటుకి ఏం చేశారు, ఎప్పుడు నొప్పి పెరిగింది అని రోజూ రెండు లైన్లు రాసుకోండి. చేతులతో చేసే కేసులు వరసగా కాకుండా మధ్యలో ఎక్సర్‌సైజ్ చేయించే కేసులు పడేలా అపాయింట్‌మెంట్లు మార్చమనండి, ఎత్తు మారే బెడ్, ట్రాన్స్‌ఫర్లకి రెండో మనిషి కావాలని ఆ కాగితంతో పాటు మీ హెడ్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, డాక్టర్ రాసిచ్చిన లైట్ డ్యూటీ లెటర్ కూడా జత చేయండి. మీ డిపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్లని కూడా అడగండి, వాళ్లూ సంతకం పెడతామంటే ఇంకా మంచిది.