మూలకణాల మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

చిట్టెలుక నాడీ మూలకణాలను ప్రయోగశాలలో పెంచడం గురించి నీవు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. వాక్యం మీద నీకు పట్టు ఉంది. అయితే మొదటి పేజీలోనే మూలకణాన్ని మూడుసార్లు అద్భుతం అన్నావు కానీ, అది ఏం చేస్తుందో నాలుగో పేజీ దాకా చెప్పలేదు. ఈ విషయంలో అది చిన్న లోపం కాదు. నాడీ మూలకణాన్ని సూక్ష్మదర్శినిలో చూసి ఇదే అది అని చూపించడం కుదరదు. నెస్టిన్ అనే ప్రోటీన్ కోసం పరీక్షిస్తారు, నిజమే. కానీ మూలకణం నుంచి పుట్టి ఇంకా ఒక రూపానికి రాని కణాల్లో కూడా ఆ ప్రోటీన్ ఉంటుంది. తనలాంటి కణాలను తరం తర్వాత తరం పుట్టిస్తూనే, సంకేతాలు మోసే న్యూరాన్లు, వాటికి తోడుగా ఉండే ఆస్ట్రోసైట్లు, వాటికి పొర చుట్టే ఆలిగోడెండ్రోసైట్లు అనే మూడు రకాల మెదడు కణాలకూ మూలం కాగలిగినదాన్నే నాడీ మూలకణం అంటున్నాం. పనిని బట్టి వచ్చిన పేరు కాబట్టి, నీ వ్యాసంలో కూడా ముందుగా ఆ పనే కనబడాలి.

1992లో రేనాల్డ్స్, వైస్ అనే కెనడా పరిశోధకులు చూసింది కూడా ఆ పనినే. ఎదిగిన చిట్టెలుక మెదడు నుంచి తీసిన కణాలను ఈజీఎఫ్ అనే వృద్ధికారకం కలిపిన మీడియంలో, అంటే కణాలను పెంచే పోషక ద్రవంలో ఉంచితే, ఎక్కువ భాగం చనిపోగా, కొద్ది కణాలు మాత్రం విభజన చెందుతూ, పాత్ర అడుగును వదిలి తేలే గుండ్రటి ముద్దలయ్యాయి. వాటినే ఇప్పుడు న్యూరోస్ఫియర్లు అంటున్నారు. ఎదిగిన ఎలుకల మెదడులో కొత్త న్యూరాన్లు పుడుతున్నాయని జోసెఫ్ ఆల్ట్‌మన్ 1960లలోనే చూపినా, చాలాకాలం దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఈ రెండు సంగతులనూ నీవు చక్కగా కలిపావు కానీ, రెండు చోట్లా ఎలుక అనే రాశావు. ఆల్ట్‌మన్‌వి ఎలుకలు, రేనాల్డ్స్, వైస్‌లవి చిట్టెలుకలు. మన వాడుకలో తేడా చూపకపోయినా, ప్రయోగశాలలో అవి రెండు వేర్వేరు జాతులు.

మీ పలమనేరు ఇంట్లో పట్టుపురుగులను పెంచేవారని రాశావు కదా, ఆ అనుభవాన్ని వ్యాసంలోకి ఎందుకు తీసుకురాలేదు? గదిలోకి వచ్చే ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం, వేడి, తేమ చూసుకోవడం, పండగైనా సరే వేళకు ఆకు వేయడం తెలిసినవాళ్లకు, 37 డిగ్రీల ఇన్‌క్యుబేటర్ పక్కన కాపలా ఉండేవాళ్ల బతుకు తేలికగా అర్థమవుతుంది. ఇంతవరకే ఆ పోలిక పనికివస్తుంది. పురుగుకు మేత ఎంత బాగుంటే పంట అంత బాగుంటుంది. ఇక్కడ అలా కాదు. చాలా కణాలను పెంచేటప్పుడు దూడ పిండపు రక్తం నుంచి తీసిన సీరాన్ని మేతగా కలుపుతారు. నాడీ మూలకణాలకు అదే పోస్తే అవి మూలకణాలుగా నిలవకుండా ఎక్కువగా ఆస్ట్రోసైట్లయిపోతాయి. అందుకే సీరం లేని మీడియంలో ఈజీఎఫ్‌నూ, ఎఫ్‌జీఎఫ్-2 అనే మరో వృద్ధికారకాన్నీ సాధారణంగా మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల చొప్పున కలుపుతారు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఆ రెండింటినీ తీసేసి, కణాలు అంటుకునే లామినిన్ అనే ప్రోటీన్ పూసిన గాజు మీద కణాలను పరిస్తే, విభజన తగ్గి అవి తలా ఒక రూపం తీసుకుంటాయి. పెట్టడం వల్ల కాక, తీసేయడం వల్ల మార్పు మొదలవుతుందన్న ఈ సంగతిని నీవు ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే దీనికి ఒక పేజీ ఇస్తాను.

పెరిగిన కణాలను విడదీసి కొత్త మీడియంలోకి మార్చే పాసేజ్ గురించి కూడా ఇంకా చెప్పాలి. వారం రోజులకు ముద్దలు పెద్దవవుతాయి. మరీ పెద్దవైతే నడుమ ఉన్న కణాలకు ఆక్సిజనూ ఆహారమూ అందక చనిపోతాయి, మధ్యభాగం నల్లబడుతుంది. అంతకు ముందే ఎంజైముతోనో, పిపెట్‌తో పీల్చి వదులుతూనో ముద్దను విడి కణాలుగా చేసి కొత్త మీడియంలో వేస్తారు. గట్టిగా పీలిస్తే కణాలు చస్తాయి, మెత్తగా పీలిస్తే ముద్దలు విడవవు. ఈ పని చేసేవారి పక్కన ఒక గంట కూర్చుని, వాళ్ల బొటనవేలిని చూసి రాయి.

ఒక్కో ముద్దా ఒక్కో మూలకణపు సంతానమని నీవు రాశావు. పూర్వం నేనూ అదే రాసి అచ్చు వేయించుకున్నాను. అది చదివిన ఒక పరిశోధకురాలు నన్ను పిలిచి, ఇన్‌క్యుబేటర్ నుంచి సూక్ష్మదర్శిని దాకా పళ్లేన్ని తీసుకువచ్చే కుదుపుకే ముద్దలు దగ్గరకు చేరి ఒకటైపోతాయని కళ్లముందే చూపించింది. ఒక్క కణం నుంచే వచ్చిందని చెప్పాలంటే పళ్లెంలోని ఒక్కో గుంటలో ఒక్కో కణాన్ని వేసి పెంచాలి. పైగా ముద్దలో అన్నీ మూలకణాలు కావు, కొద్ది వంతే అవి. ఆ రాత్రి సిగ్గుతో నాకు నిద్ర పట్టలేదు.

"చిట్టెలుక నుంచి కణాలను సేకరిస్తారు" అన్న నీ వాక్యంలో సేకరించడం అనే మాట నాకు నచ్చలేదు. అది పూలు కోసినట్టు ఉంది. చిట్టెలుకను చంపి మెదడు తీస్తారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన నిబంధనల ప్రకారం, సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతించాకే ఆ పని చేస్తారు. కొండ కింద ఊళ్లో ఉన్న మన పాఠకులు నొచ్చుకుంటారేమోనని నీవు దాచి ఉండవచ్చు. ఇంత కష్టం ఎందుకు పడుతున్నారో చెప్పదలచినవాళ్లు, ఆ కణాలు ఎక్కడివో కూడా చెప్పాలి. ఒక వాక్యం చాలు, దానికి విశేషణం వద్దు.

మళ్లీ రాసే ముందు ఆ ప్రయోగశాలకు వెళ్లి రెండు సంగతులు అడుగు. నీవు చూసిన ఫ్లాస్కులోని కణాలు ఎన్నో పాసేజ్‌వి? వాటిని తీసేనాటికి ఆ చిట్టెలుక వయసెంత? జవాబులు రాసుకున్నాక, ఆదివారం పొద్దున కపిలతీర్థం వైపు వచ్చినప్పుడు కొత్త ప్రతిని తీసుకుని ఇంటికి రా.

నీ శ్రేయోభిలాషి